పదకొండో గది సోమవారాలు

మా ఆడపడుచు ఇవాళ లేచి తిరుగుతోందంటే అది ఒక కుక్క పెట్టిన భిక్ష. ఈ మాట ఎవరితో చెప్పినా ముందు నవ్వుతారు. నవ్వనివ్వండి, నాకేం. ఆ కుక్కని చూసి, మా ఆడపడుచుని చూసి, ఇద్దరివీ నాటకాలేనని అందరికంటే ఎక్కువ నవ్విందాన్ని నేనే.

నా పని కుక్కల ఆశ్రయంలో దుప్పట్లు ఉతకడం. వీధిలో దొరికినవి, ఇళ్లవాళ్లు వద్దని వదిలేసినవి ఒక నలభై దాకా ఉంటాయక్కడ. వాటి దుప్పట్లు, స్నానం చేయించాక తుడిచే తువ్వాళ్లు, పనివాళ్ల ఏప్రన్లు అన్నీ నా గదికే వస్తాయి. రెండు మెషీన్లు, ఒక సిమెంటు తొట్టి, ఒక కిటికీ. మెషీన్లో వేసేముందు ప్రతి దుప్పటినీ బయట దులపాలి, లేకపోతే బొచ్చు వెళ్లి జల్లెడకి అడ్డం పడి నీళ్లు కదలవు. పదమూడేళ్లుగా దులుపుతున్నాను. ఇంటికొచ్చి నేను తిట్లు మొదలుపెడితే, "దులపడం అక్కడ అయిపోలేదా?" అంటారు మా ఆయన.

నాకు నోరెక్కువే, ఒప్పుకుంటాను. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని నాకు చెప్పని చుట్టం లేదు. చెప్పినవాళ్లకి చెప్పినట్టే తిరిగి పెట్టాను కూడా.

ఇంట్లో ముగ్గురం. నేను, మా ఆయన, ఆయన చెల్లెలు. ఆడపడుచు అర్ధమొగుడంటారు గానీ తనలో ఆ పొగరు ఇసుమంత కూడా లేదు. ముప్పై ఆరేళ్లొచ్చినా గట్టిగా ఒక మాట అనడం చేతకాదు. కర్టెన్లు కుట్టే దుకాణంలో గుడ్డ కత్తిరించే పని. ఎంత పొడుగు గుడ్డయినా సరే, గీత గీయకుండా ఈ చివర నుంచి ఆ చివరికి కత్తెర తిన్నగా నడిపించేది. మా ఇంటి కిటికీలకున్నవన్నీ తను కత్తిరించినవే. అలాంటి మనిషి ఎనిమిది నెలల కిందట నీరసమంది. నిలబడితే కళ్లు తిరుగుతున్నాయంది. నెల తిరక్కుండా పని మానేసింది. ఇక అక్కణ్ణించి మంచమే.

పొద్దున లేవదు. లేచినా గోడ పట్టుకుని నడుస్తుంది. తిన్నది ఒంటికి పట్టదు, వారంలో రెండుసార్లు కక్కుతుంది. మరీ పడిపోతే వీధి చివర క్లినిక్‌కి తీసుకెళ్లేవాళ్లం. అక్కడ ఒక సెలైన్ సీసా ఎక్కించేవారు. రెండు గంటల్లో ముఖంలో కళ వచ్చేది, తన కాళ్ల మీద తనే నడిచి ఇంటికొచ్చేది. చూశారా, అదే నా మనసులో అనుమానం నాటింది. నిజంగా జబ్బయితే ఉత్త ఉప్పునీళ్ల సీసాతో పోతుందా? రక్తం చూశారు, షుగరు లేదన్నారు. "బలమైన తిండి తినమ్మా, దిగులు పెట్టుకోకు" అన్నారు. దిగులుకి సెలైన్ మందని అప్పుడే తెలిసింది నాకు.

దానికి తోడు ఉప్పు. మామూలుగా నెల వచ్చే ఉప్పు ప్యాకెట్టు పది రోజులకే అడుగంటేది. పళ్ల ముక్కల మీద ఉప్పు, గుడ్డు మీద ఉప్పు, ఆఖరికి గ్లాసుడు మంచినీళ్లలో కూడా ఉప్పు. ఒకరోజు వంటగదిలో ఎవరూ లేరనుకుని వేలు తడిచేసి డబ్బాలో ముంచి నాకుతుంటే పట్టుకున్నాను. "ఏమ్మా, మహారాణిగారికి వంటలో ఉప్పు చాలడం లేదా?" అన్నాను. తను డబ్బా మూత పెట్టేసి తలవంచుకుని వెళ్లిపోయింది. గడప దాటని మనిషి ముఖం నల్లబడుతోందని కూడా గమనించాను. దానికీ ఒక జోకు వేశాను, మంచం మీద ఎండ కాస్తోందా అని.

ఇక ఆ కుక్క సంగతి. వాడు మా దగ్గరికొచ్చి మూడు నెలలయింది. గోధుమరంగు ఒళ్లు, ఒక చెవి నిలబడి ఒక చెవి మడతపడి ఉంటుంది. పదకొండో గదిలో ఉంచారు. అందరూ వాణ్ణి నాటకాలరాయుడు అనేవారు, ముద్దుగా రాయుడు. ఎందుకంటే ఆదివారం మా ఆశ్రయానికి సందర్శకులు వచ్చే రోజు. కుక్కని పెంచుకుందామనుకునేవాళ్లు పిల్లాజెల్లాతో వచ్చి గదిగదికీ తిరుగుతారు. ఆ రోజంతా గోల. సోమవారం పొద్దున వెళ్లి చూస్తే రాయుడు నేలకి అతుక్కుపోయి ఉండేవాడు. వాంతులు, వణుకు, పిలిచినా తల ఎత్తడు. మా కాంపౌండరు వచ్చి డ్రిప్ పెట్టేవాడు. సాయంత్రానికి తోక ఊపేవాడు, మంగళవారానికి బంతి తెమ్మనేవాడు.

"నిన్న ఎవరూ తీసుకెళ్లలేదని అలక" అనేవాడు కాంపౌండరు. "మా ఇంట్లో కూడా ఒకరున్నారు ఇలాంటివాళ్లు, దొందూ దొందే" అనేదాన్ని నేను. అందరం నవ్వుకునేవాళ్లం.

వాణ్ణి తీసుకెళ్లేవాళ్లు లేక కాదు. మూడిళ్లవాళ్లు తీసుకెళ్లారు, మూడిళ్లవాళ్లూ వెనక్కి తెచ్చారు. అందరిదీ ఒకే మాట. ఇంటికి చుట్టాలొచ్చిన మర్నాడో, ప్రయాణం చేసిన మర్నాడో చచ్చినట్టు పడిపోయాడు, మా వల్ల కాదండీ అని. మూడోసారి వచ్చాక మా మేనేజరు ఇక వాణ్ణి సందర్శకులకి చూపించి లాభం లేదన్నారు. ఇల్లు దొరకని కుక్కకి మా దగ్గర చోటు ఎన్నాళ్లో ఉండదు.

వాడికి నా మీద మాత్రం విపరీతమైన ప్రేమ. తొట్టి దగ్గర పనిచేసి చెమటలు కక్కుతూ దుప్పటి మార్చడానికి వెళ్తే, మణికట్టు నుంచి మోచేతి దాకా నాకి నాకి వదిలేవాడు. ఎంత తిట్టినా మానడు. తిట్టినా మానని ప్రేమ నాకు ఇంట్లో మా ఆయన దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకలేదు. అందుకని ఊరుకునేదాన్ని.

ఇక్కడ మా ఆశ్రయం పద్ధతి ఒకటి చెప్పాలి. ప్రతి గది తలుపుకీ ఒక పలక ఉంటుంది. కుక్క వయసు, తిండి, ఏ రోజు ఏం జబ్బు చేసింది, ఏం మందిచ్చారు అన్నీ సుద్దతో దాని మీదే రాస్తారు. శనివారం సాయంత్రం మేనేజరుగారు స్వయంగా తడిగుడ్డ పట్టుకుని పలకలన్నీ తుడిచేస్తారు. సందర్శకులు వాంతులూ విరేచనాలూ చదివి జడుసుకోకూడదని. వాటి స్థానంలో "బంతాటంటే ప్రాణం", "పిల్లలతో బాగా కలుస్తుంది" అని గుండ్రటి అక్షరాలతో రాస్తారు. ఆయన మనసు మంచిదే, కుక్కలకి ఇళ్లు దొరకాలనే ఆయన తపన. ఆఫీసు రికార్డు పుస్తకంలో మాత్రం వచ్చిన తేదీ, పోయిన తేదీ, వేసిన టీకాలు, అంతే. అలా రాయుడి సోమవారాలన్నీ తడిగుడ్డలోకి వెళ్లిపోయాయి. వాడు ప్రతి వారం మొదటిసారి జబ్బుపడ్డ కుక్కే.

ఒక్క చోట మాత్రం తుడవలేదు. నా గదిలో. వాంతి అయిన దుప్పట్లని మిగతావాటితో కలపకూడదు, విడిగా వేడినీళ్లలో మందు వేసి నానబెట్టాలి. ఏ గదివి ఏ రోజు వచ్చాయో మర్చిపోకుండా తొట్టి పైన గోడ మీద సుద్దతో గీసుకుంటాను. వారానికొక వరస. గోడ నిండేదాకా తుడవను. జాగ్రత్త అనుకోకండి, బద్ధకం. ఇంకొకరిని సోమరి అని ఎనిమిది నెలలు ఆడిపోసుకున్న మనిషిని నేను. చివరికి కాపాడింది నా సోమరితనమే.

ఆ ఆదివారం ఇంట్లో నేను పెద్ద ఘనకార్యం చేశాను. కర్టెన్ల దుకాణం మేడంతో మాట్లాడి, సోమవారం నుంచి మా ఆడపడుచు మళ్లీ పనికొస్తుందని చెప్పేశాను. తనని అడగలేదు. సోమవారం పొద్దున లేపి నిలబెట్టాను. అప్పటికే ఒకసారి కక్కుకుంది.

"వదినా, ఇవాళ వద్దు. కాళ్లల్లో ఓపిక లేదు" అంది.

"నిన్న ఉందా? మొన్న ఉందా? పడుకుంటే ఓపికెక్కడి నుంచి వస్తుంది? నాటకాలు చాలించి చెప్పులేసుకో" అన్నాను.

తను జడ కూడా సరిగ్గా వేసుకోకుండా వెళ్లి బస్సెక్కింది. ఎక్కేటప్పుడు కడ్డీ పట్టుకుని ఒక్క క్షణం ఆగింది. నేను చూశాను. చూసి కూడా నా దారిన నేను పనికి వెళ్లాను.

ఆశ్రయంలో రాయుడు మామూలుగానే నేలకి అతుక్కుని ఉన్నాడు. ఆ రోజు ఒక్కటే తేడా. మా డాక్టరమ్మ ఎప్పుడూ గురువారాలు వచ్చేది. చేరి రెండు నెలలయింది, చిన్నపిల్ల, ముప్పై కూడా ఉండవు. గురువారం నాటికి రాయుడు గంతులేస్తుండేవాడు కాబట్టి వాడి అలక ఆమె ఎప్పుడూ చూడలేదు. ఆ వారం గురువారం ఏదో పని పడి సోమవారమే వచ్చింది. కాంపౌండరు డ్రిప్ తగిలించబోతుంటే, ఆగమని చెప్పి వాడి గుండె మీద గొట్టం పెట్టింది. చాలాసేపు తియ్యలేదు.

"ఇంత భయపడిపోయి, ఇంత నీరు తగ్గిపోయిన కుక్కకి గుండె దడదడా కొట్టుకోవాలి. వీడిది నెమ్మదిగా కొట్టుకుంటోంది" అంది. "ఇంతకుముందు ఎప్పుడైనా ఇలా పడ్డాడా?"

కాంపౌండరు పలక వంక చూశాడు. పలక మీద "బంతాటంటే ప్రాణం" అని ఉంది. "అప్పుడప్పుడూ అండీ" అన్నాడు.

నేను ఉతికిన దుప్పటి తెచ్చి అక్కడే నిలబడ్డాను. కందకి లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకునే రకం కాదుగా నేను. "అప్పుడప్పుడూ ఏంటయ్యా? సోమవారం వచ్చిందంటే నా ప్రాణం తీస్తున్నాడు వీడు" అన్నాను.

డాక్టరమ్మ నావైపు తిరిగింది. "ప్రతి సోమవారమా? గుర్తుందా అక్కా మీకు?"

"నాకు గుర్తుండటమెందుకు, గోడకి గుర్తుంది" అని నా గదికి తీసుకెళ్లాను.

తొట్టి ముందు నిలబడి ఆ పిల్ల గోడంతా చదివింది. పది వారాల వరసలు. మధ్యలో వాడు వేరే ఇళ్లల్లో ఉన్న రోజులు ఖాళీ. వాడు మా దగ్గరున్న ఏడు సోమవారాల్లో ఆరింట్లో పదకొండు అని గీసి ఉంది. వేలితో ఒక్కొక్కటే తాకుతూ లెక్కపెట్టింది. వేలికి సుద్ద అంటుకుంది. "ఈ గోడ ఎవరూ తుడవకండి" అని చెప్పి పరుగున వెళ్లి రక్తం తీసి పరీక్షకి పంపించి, అప్పుడు డ్రిప్ పెట్టించింది.

మధ్యాహ్నం ఫోనులో ఫలితం వచ్చింది. ఆమె నేరుగా నా గదికే వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"అక్కా, దొరికింది. వీడికి అడిసన్ జబ్బు. పూర్తిగా నిర్ధారించడానికి ఇంకో పరీక్ష చేస్తాను గానీ నాకు అనుమానం లేదు. చాలా అరుదు. నేను చదువుకున్నాను తప్ప కళ్లారా చూడటం ఇదే."

"అలక జబ్బా?"

నవ్వింది. "అలక కాదు. మూత్రపిండాల మీద చిక్కుడుగింజంత గ్రంథులు రెండుంటాయి. ఒంట్లో ఉప్పుని నిలిపి ఉంచేది, కష్టమొస్తే తట్టుకునే శక్తినిచ్చేది వాటి నుంచి వచ్చే రసాలే. వీడిలో అవి పనిచేయడం మానేశాయి. ఉన్న ఉప్పంతా పోతుంది. మామూలు రోజుల్లో ఎలాగో నెట్టుకొస్తాడు. గోల, కొత్త మనుషులు, ప్రయాణం, ఏదైనా ఒత్తిడి పడిందా, కుప్పకూలిపోతాడు. డ్రిప్‌లో ఉండేది ఉప్పునీళ్లే కదా, అందుకే లేచి కూర్చుంటాడు. లేచాడు కదా అని ఎవరూ లోపలికి చూడలేదు. ఇలాగే ఇంకొన్నాళ్లు పోతే ఏదో ఒక సోమవారం లేచేవాడు కాదు."

నా చేతిలో తడి దుప్పటి ఉంది. "అందుకేనా నా చేతులు నాకేది? నేనింకా ప్రేమనుకున్నాను."

"ప్రేమ కూడా ఉండొచ్చు అక్కా. చెమటలో ఉప్పు మాత్రం తప్పకుండా ఉంది." మళ్లీ అంది, "నెలకో ఇంజెక్షను, రోజుకో మాత్ర. అంతే. హాయిగా బతుకుతాడు. మనుషులక్కూడా వస్తుంది ఈ జబ్బు. వాళ్లూ ఇంతే. నీరసం, వాంతులు, నిలబడితే కళ్లు తిరగడం, ఎంత తిన్నా ఉప్పు చాలకపోవడం. మనుషులకైతే ఎండలో తిరక్కపోయినా ఒళ్లు నల్లబడుతుంది. అరచేతిలో గీతలు, చిగుళ్లు కూడా..."

తర్వాత ఆమె ఏం చెప్పిందో నాకు వినపడలేదు. వంటగదిలో ఉప్పు డబ్బా మూత పెడుతున్న చెయ్యి కనిపించింది. ఆ అరచేతిలో గీతలు పెన్నుతో గీసినట్టు నల్లగా ఉండేవి. అది కూడా చూశాను నేను. చేతులు సరిగ్గా కడుక్కోదని తిట్టాను.

"డాక్టరమ్మా, మా ఇంట్లో ఒక మనిషుంది" అన్నాను. ముక్కలు ముక్కలుగా చెప్పాను. ఎనిమిది నెలలు, ఉప్పు, సెలైను, నల్లబడటం. ఆమె ముఖంలో వెలుగంతా ఆరిపోయింది.

"ఇప్పుడెక్కడున్నారు ఆవిడ?"

"నేనే బలవంతంగా పనికి పంపించాను" అన్నాను.

వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లి రక్తంలో ఉప్పు, పొటాషియం చూపించమని ఆమె చెబుతుండగానే, ఏప్రను కూడా విప్పకుండా బయల్దేరాను. దుకాణం రెండు వీధుల అవతలే. జీవితంలో ఎప్పుడూ పరిగెత్తని దాన్ని ఆ రోజు పరిగెత్తాను. లోపలికి వెళ్లేసరికి మా ఆడపడుచు గుడ్డ తానుల మీద పడుకుని ఉంది. పెదవులు పాలిపోయి, కళ్లు సగం మూసి. కత్తెర ఇంకా బల్ల మీద సగం తెగిన గుడ్డలోనే ఉంది. ఆ కోత వంకర పోయింది. తన చేతి కింద గుడ్డ వంకర పోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆ గుడ్డ చూశాకే నాకు ఏడుపొచ్చింది.

"ఇప్పుడే కళ్లు తిరిగాయండీ. మీ వీధి క్లినిక్‌కి తీసుకెళ్లి ఒక సెలైన్ పెట్టించేద్దాం, సర్దుకుంటుంది" అన్నారు కర్టెన్ల మేడం.

"క్లినిక్ వద్దు. పెద్దాసుపత్రి. మీ కారు తియ్యండి" అన్నాను. నా గొంతుకి ఆవిడ ఎదురు ప్రశ్న వెయ్యలేదు. నా నోరు మంచిపనికి ఉపయోగపడ్డ మొదటి సందర్భం అదేననుకుంటాను.

పెద్దాసుపత్రి అత్యవసర విభాగంలో కళ్లద్దాలు నుదుటి మీదికి ఎక్కించుకున్న డాక్టరొకాయన వచ్చారు. నేను ఆయనకి నోరు తెరిచే సందివ్వలేదు.

"సెలైన్ ఒక్కటే పెట్టి ఇంటికి పంపకండి. రక్తం తియ్యండి. ఉప్పు చూడండి, పొటాషియం చూడండి."

"మీరు నర్సా?"

"కాదండీ, బట్టలుతుకుతాను."

"మరి ఇవన్నీ ఎవరు చెప్పారు?"

"మా డాక్టరమ్మ."

"ఏ ఆసుపత్రిలో చేస్తారు?"

నీళ్లు నమిలాను. ఇక నమిలి లాభం లేదని చెప్పేశాను. "కుక్కల ఆశ్రయంలో అండీ."

ఆయన పెదవి కొస ఒకవైపు లేచింది. ఆ నవ్వు నాకు బాగా తెలుసు, ఎనిమిది నెలలు నా ముఖం మీద ఉన్నదే. నాకు కోపం కూడా రాలేదు. ఫోను కలిపి ఆయన చేతికిచ్చాను. డాక్టరమ్మ ఏం చెప్పిందో గానీ ఆయన మొదట "ఊఁ" అన్నారు, తర్వాత "ఊఁ" అనడం మానేశారు. ఫోను నాకిచ్చేసి, కళ్లద్దాలు కళ్ల మీదికి దించి, మా ఆడపడుచు అరచేయి తెరిచి చూశారు. పెదవి ఎత్తి చిగుళ్లు చూశారు. ఆ తర్వాత నర్సుని పిలిచి ఏవేవో మందుల పేర్లు గబగబా చెప్పారు.

అదే జబ్బు. రక్తపోటు పాతాళంలో ఉందన్నారు. ఉండాల్సిన ఉప్పు లేదు, ఉండకూడనంత పొటాషియం ఉంది. ఆ లోపించిన రసాన్నే ఇంజెక్షనుగా ఎక్కించారు. సాయంత్రం ఆ డాక్టరుగారు బయటికొచ్చి, మా ఆయనకీ నాకూ నెమ్మదిగా చెప్పారు. "సమయానికి తెచ్చారు. ఇంకోసారి గనక సెలైన్‌తో సరిపెట్టి ఉంటే..." అని ఆపేశారు. ఆ వాక్యం పూర్తి చెయ్యనందుకు కూడా ఆయనకి నేను రుణపడి ఉన్నాను. వెళ్తూ వెళ్తూ, "మీ కుక్కల డాక్టరుగారికి నా నమస్కారాలు చెప్పండి" అన్నారు.

మర్నాడు సాయంత్రం లోపలికి పంపించారు. తను దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. ఎనిమిది నెలల తర్వాత ఆ కళ్లు పూర్తిగా తెరుచుకోవడం చూశాను. దారిపొడుగునా ఎన్ని మాటలు కూర్చుకుని వెళ్లానో. చేతులు కాలాక ఆకులు పట్టుకునేదాన్ని ఏమనాలో అవన్నీ నన్ను నేనే అనుకుందామని. తీరా మంచం అంచున కూర్చుని, "నాటకాలన్నాను నిన్ను" అని ఏడ్చాను.

తను నా చెయ్యి పట్టుకుంది. "నువ్వన్నావని కాదు వదినా. నేనే నమ్మేశాను. పొద్దున్నే కళ్లు తెరవగానే అనుకునేదాన్ని, ఎంత సోమరిదాన్నయిపోయాను, ఇవాళైనా లేవాలి అని. లేవలేకపోయేదాన్ని. జబ్బని డాక్టరు చెబుతుంటే నాకెంత సంతోషమేసిందో తెలుసా?"

మా ఆయన గోడవైపు తిరిగి కళ్లద్దాలు తుడుచుకున్నారు. ఆయనకి కళ్లద్దాలు తుడుచుకునే అలవాటే లేదు.

కుక్క సంగతంతా చెప్పాక తనే అంది. "నన్ను పట్టించిన ఆ నాటకాలరాయుణ్ణి ఒకసారి చూడాలి."

ఆసుపత్రి నుంచి వచ్చిన మూడో ఆదివారం తీసుకెళ్లాను. అప్పటికి రాయుడి రెండో పరీక్ష కూడా అయిపోయి, ఇంజెక్షను పడి, ఒళ్లు చేశాడు. సందర్శకుల గోల ఉండే రోజు మాత్ర కొంచెం ఎక్కువివ్వాలని డాక్టరమ్మ రాసిపెట్టింది. పలక మీద ఆ సంగతి, దాని కింద జబ్బు పేరు, దాని కింద "బంతాటంటే ప్రాణం" అని ఉన్నాయి. మేనేజరుగారు ఇప్పుడు శనివారం పలకలు తుడిచేముందు ప్రతిదీ పుస్తకంలోకి ఎక్కిస్తున్నారు. ఆ పుస్తకం నాకు చూపించి, "మీ గోడ నాకు సిగ్గు తెచ్చింది" అన్నారు. అలా ఒప్పుకోవడం అందరికీ చేతనయ్యే పని కాదు. ఆయన మీద గౌరవం పెరిగింది నాకు. ఆ నెల గదులన్నిటికీ సున్నం వేయించారు, నా తొట్టి పైన ఆ మూర ముక్క గోడ మాత్రం వదిలేయించారు.

మా ఆడపడుచు పదకొండో గది ముందు కింద కూర్చుంది. రాయుడు మడత చెవిని ఎత్తే ప్రయత్నం చేసి, విఫలమై, కమ్మీల మధ్య నుంచి తన అరచేయి వాసన చూశాడు. నల్లగీతలు అప్పటికి కొంచెం పలచబడ్డాయి. నాకడని ఎదురుచూశాను. నాకలేదు. ఆ చేతిలో గడ్డం ఆనించి కళ్లు మూసుకున్నాడు. నేనక్కడ నిలబడలేక నా దుప్పట్ల గదికి పోయాను. అత్త మీద కోపం దుత్త మీద చూపించేవాళ్లని చూశాను గానీ, సంతోషమొచ్చి మెషీన్ని కొట్టిన మనిషిని నేనొక్కదాన్నే అయి ఉంటాను.

వాడు ఆ సాయంత్రమే మా ఇంటికొచ్చాడు. ఎవరూ ఎవరినీ అడగలేదు. మా ఆయన ముందురోజే వాడికో గిన్నె కొని మంచం కింద దాచారని తర్వాత తెలిసింది.

నాకు మాత్రం లోపల భయం. కొత్త ఇల్లు, కొత్త మనుషులు, ఆదివారం. తనకేమో మర్నాడే మళ్లీ దుకాణంలో మొదటిరోజు. అంటే ఇద్దరికీ ఒత్తిడే. తెల్లవారితే సోమవారం.

తెల్లవారగానే లేచాను. ముందు వంటగదిలో మాత్రలు తీశాను. ఆ పని నాదే, ఎవరికీ ఇవ్వను. తనది ఒక చేతిలో, వాడిది గుడ్డు ముక్కలో పెట్టి ఇంకో చేతిలో. ఇల్లంతా నిశ్శబ్దం. పదకొండో గదివైపు నడిచిన సోమవారాలన్నీ గుర్తొచ్చాయి. వాళ్లిద్దరూ పడుకున్న గది గుమ్మం దాకా వెళ్లి, తలుపు తొయ్యడానికి ధైర్యం చాలక ఆగిపోయాను.

లోపల నుంచి మంచం కిర్రుమంది. ఏదో కిందపడింది. ఆ వెంటనే మా ఆడపడుచు గొంతు. అంత గట్టి గొంతు తనకుందని ఇన్నేళ్లలో నాకు తెలియదు.

"దిగరా నా దుప్పటి మీద నుంచి! తెల్లారినా లేవవా, సోమరిపోతా! నాకు అవతల పనికి టైమవుతోంది!"

తోక మంచానికేసి టపటపా కొట్టుకుంటున్న చప్పుడు. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఏది ముందొచ్చిందో చెప్పలేను. రెండు చేతుల్లోనూ రెండు మాత్రలుండటంతో కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. మోచేత్తో తలుపు తోసుకుని లోపలికి వెళ్లాను.